మాట తప్పిన పాటకాండ్రు

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో బర్కిలీ యను పట్టణము కలదు. విశ్వవిద్యాలయమువలన దానికి ప్రసిద్ధి. ఆ పట్టణమున గిల్మను వీథిలో 924 సంఖ్యగల కట్టడమొకటి 1986వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి మొదలుకొని పడుచువాండ్ర పాటకచేరీలకు నెలవైనది. దానిని నడపువారు జీతము కోరని స్వచ్ఛంద సేవకులు. లోపల మద్యము కూడదు, మత్తుపదార్థములు కూడవు, కొట్లాట కూడదు, వర్ణద్వేషము కూడదు, స్త్రీలను కించపఱచుట కూడదు. ఏ వయస్సువారైనను లోనికి పోవచ్చును. ఇన్ని నియమములు పెట్టుకొన్న రాక్ సంగీతశాల యొకటి కలదనగా మన పెద్దలు నమ్మరు. రాక్ సంగీతమనగా త్రాగి తందనాలాడుటయే యని వారి యభిప్రాయము. మేము విద్యార్థులమై యా ప్రాంతమున నుండిన కాలమున ఆ నియమములను చదివి మిక్కిలి సంతోషించితిమి.

ఆ నియమములతోపాటు వేఱొక నియమము కూడ నుండెను. పెద్ద రికార్డు కంపెనీతో నొప్పందము చేసికొన్న బృందము, అదెంత గొప్పదైనను, ఆ వేదికపై పాడరాదు. దీని యుద్దేశము మంచిదే. పంక్ సంగీతమును ప్రేమించిన పడుచువాండ్రు తమ పాటలను తామే అచ్చొత్తించుకొని, తమ పత్రికలను తామే నడపుకొని, ఏ ధనికుని గుమ్మము త్రొక్కకుండ బ్రదుకవలయునని సంకల్పించుకొన్నవారు. ఆ సంకల్పమునకు ఆ నియమము కంచెవంటిది. గ్రీన్ డే యను బృందము ఆ శాలలోనే పెరిగి, 1994వ సంవత్సరము ఫిబ్రవరిలో పెద్ద కంపెనీ ద్వారమున ‘డూకీ’ యను సంపుటమును వెలువరించినది. అది ఒక్క అమెరికాలోనే కోటి ప్రతులకు మించి చెల్లినది. వారికి గిల్మను శాల తలుపులు మూయబడినవి. వెలియు దక్కినది, సిరియు దక్కినది. మేమిచట చెప్పబోవు బృందమునకు మాత్రము వెలి యొక్కటియే దక్కినది.

ఆ బృందము పేరు జాబ్రేకర్. ‘దవడ విఱుగగొట్టునది’ యని దాని యర్థము. మంచిపేరని మేము చెప్పము. పాడుచు గిటారు వాయించువాడు బ్లేక్ ష్వార్జెన్‌బాక్. బాస్ గిటారు క్రిస్ బావర్‌మైస్టర్. డ్రమ్ములు ఆడం ఫాలర్. 1986వ సంవత్సరమున న్యూయార్కు విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండగా ఈ ముగ్గురును జతకూడిరి. పిదప కాలిఫోర్నియాకు చేరి, చివరకు సాన్ ఫ్రాన్సిస్కో నగరమున స్థిరపడిరి. 1990లో ‘అన్‌ఫన్’, 1992లో ‘బివ్వాక్’, 1994లో ‘ట్వెంటీఫోర్ అవర్ రివెంజ్ థెరపీ’ యను మూడు సంపుటములను చిన్న కంపెనీల ద్వారమున వెలువరించిరి. పాత వ్యానొకటి యెక్కి ఊరూర దిరిగి, స్నేహితుల యిండ్ల నేలపై బండుకొని పాడుచుండిరి. ష్వార్జెన్‌బాక్ సాహిత్యము చదివినవాడు. ఆతని పాటలలో వాక్యము వాక్యముగా నుండును, కేకగా నుండదు. ఆ సంగీతపు మందిలో నిది యరుదు. వినువారు ఆ పాటలను డైరీలోని పుటలవలె దాచుకొనిరి. తమ మనస్సులోని మాటను వేఱొకడు తమకంటె చక్కగా చెప్పినప్పుడు కలుగు ప్రేమ సామాన్యమైనది కాదు. ఆ ప్రేమయే పిమ్మట వారికి ముప్పు తెచ్చినది.

1992లో ఐరోపా పర్యటనలో ష్వార్జెన్‌బాక్ గొంతులో కండ పెరిగి, శస్త్రచికిత్స జరిగినది. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలయును. మరల దీనితో పని కలదు. 1993వ సంవత్సరము అక్టోబరులో నిర్వాణ బృందమువారు తమ యాత్రలో ఆఱు కచేరీలకు వీరిని తోడు బిలిచిరి. అప్పటికి నిర్వాణవారి పేరు లోకమంతట మాఱుమ్రోగుచుండెను. ఆఱు రాత్రులు పెద్ద పందిటిలో పాడినందుకే, ‘వీరును అమ్ముడుపోవుదురు’ అను గుసగుసలు పుట్టినవి. దానికి ప్రత్యుత్తరముగా ష్వార్జెన్‌బాక్ వేదికపై నిలిచి, పెద్ద కంపెనీతో మేమెన్నడును ఒప్పందము చేసికొనమని పలుమాఱు చెప్పెను. ఎవ్వరు నడిగించి చెప్పించిన మాట కాదది; ఆతడు నమ్మి చెప్పిన మాటయే. అయినను అన్నమాట అన్నదే గదా! కొలదికాలమునకే వారు గెఫెన్ కంపెనీకి చెందిన డి.జి.సి. యను శాఖతో నొప్పందము చేసికొనిరి. దాని విలువ పదిలక్షల డాలర్లని పత్రికలు వ్రాసినవి.

మాట తప్పినవానిని సమర్థించుటకు మేము పూనుకొనలేదు. మాట తప్పుట తప్పే. కాని తప్పు ఎంతది, శిక్ష ఎంతది యని తూచిచూచుట న్యాయము. ఏండ్లతరబడి వ్యానులో దిరిగిన మువ్వురు, ముప్పదియేండ్ల ప్రాయమునకు చేరుచు, ఒక్క సంపుటమును తొందరలేకుండ, అద్దె బెంగలేకుండ ముగించుకొనగోరిరి. ఇందులో నెవ్వరి సొమ్మును అపహరించినది లేదు. ఎవ్వరి పాటను దొంగిలించినది లేదు. పైగా ‘ట్వెంటీఫోర్ అవర్ రివెంజ్ థెరపీ’లో ‘బాక్స్‌కార్’ అను పాట కలదు. ఎవడు పంకో ఎవడు కాడో పట్టికలు వ్రాయుచు కూర్చుండువారిని అందు నిలువున పరిహసించినాడు. ఆ పాటను ఆనాటి పడుచువాండ్రు గొంతెత్తి పాడిరి. ఏడాది తిరుగక ముందే ఆ పట్టికనే తీసి, దానిలోనుండి అతని పేరు కొట్టివేసిరి. మేము దీనికి నవ్వవలయునో వగవవలయునో తెలియకున్నాము.

1995వ సంవత్సరము ఫిబ్రవరి మార్చి నెలలలో బర్కిలీలోనే ఫాంటసీ స్టూడియోలో ఆ సంపుటము తయారైనది. తయారు చేయించినవాడు రాబ్ కవాలో. గ్రీన్ డే వారి ‘డూకీ’ని తీర్చినవాడును అతడే. కంపెనీవారు ఏమి కోరిరో దీనిచేతనే తెలియును. ఒకచోట పండిన విత్తనము పొరుగుచేనిలో గూడ అంతే పండునని వర్తకుల నమ్మకము. సంపుటము పేరు ‘డియర్ యూ’. మన భాషలో ‘ప్రియమైన నీకు’ అనవచ్చును. ఉత్తరమునకు పెట్టు సంబోధనయే పేరు. ‘నీవు’ ఎవరో చెప్పలేదు. 1995 సెప్టెంబరు 12వ తేదీన అది వెలువడినది. పాటలు పదమూడు.

మొదట వచ్చిన యాక్షేపణ ఏమన, గొంతు మాఱినదని. మునుపటి సంపుటములలో ష్వార్జెన్‌బాక్ గొంతు గరుకుకాగితముతో కఱ్ఱను రాచినట్లుండెడిది. ఇందులో నది నునుపైనది. ‘కంపెనీవారు గొంతును గూడ కొనివేసిరి’ అని కొందఱనిరి. చదువరులు పైని చెప్పిన శస్త్రచికిత్సను జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. కండను కోసివేసిన వైద్యుని పనిని కంపెనీ ఖాతాలో వ్రాసిరి. కంపెనీలకు పాపములు కొదువ లేదు. లేని పాపమును గూడ అంటగట్ట నక్కఱలేదు. ఇదిగాక, పాడువాడు నెమ్మదిగా పాడదలచుకొనవచ్చునన్న మాట యొక్కరికిని తోచకపోవుట మాకు వింతగా నున్నది. పాటకుని నొప్పియే పాటకు యోగ్యతాపత్రమని తలచువారు, వాడు కోలుకొన్ననాడు నిరాశపడుదురు కాబోలు.

ఇక పాటల సంగతి. మేము శాస్త్రజ్ఞులము కాము. వినిన చెవితో చెప్పుచున్నాము. మొదటి పాట ‘సేవ్ యువర్ జెనరేషన్’. తన యీడువారిని లేవండని పిలిచి, లేచుట యెంత కష్టమో ఆ నోటితోనే చెప్పును. ‘ఫైర్‌మన్’ అను పాటలో తిరస్కరింపబడిన ప్రేమికుడు కలలో నొక్కొక్క వేషము వేసికొని తన కసి తీర్చుకొనుచుండును. వినుటకు తేలికయైన బాణీ, లోపలిది విషము. కంపెనీవారు దీనినే రేడియోకును దూరదర్శనమునకును పంపిరి. ‘బాడ్ సీన్, ఎవ్రీవన్స్ ఫాల్ట్’ అనునది ఒక యింటి విందులో పాత ప్రేమలు, కొత్త ప్రేమలు, స్నేహితుల ప్రేమలు ఒకదాని కాలొకటి త్రొక్కుకొనుట; చిన్నపాట, పరుగుపాట, ప్రహసనమువంటిది. ‘జెట్ బ్లాక్’ మొదట 1977 నాటి ‘ఆనీ హాల్’ చిత్రములోని సంభాషణము వినవచ్చును. రాత్రివేళ కారు నడపుచు ఎదుట వచ్చు దీపముల మీదికి త్రిప్పవలయునను కోరిక తనకు కలుగునని ఒకడు తాపీగా చెప్పుకొనును. చిత్రములో జనులు నవ్విన చోటు అది. పాట దానిని నవ్వు కానీయక యెత్తుకొని పోవును.

వీనికన్నిటికి మిన్న ‘యాక్సిడెంట్ ప్రోన్’. ఆఱు నిమిషములకు పైబడిన నిడివి. ఆ మందివారి పాటలు రెండు మూడు నిమిషములలో ముగియునవి గనుక, ఇది వారికి పురాణకాలక్షేపముతో సమానము. గిటారు మెల్లగా, తడబడుచున్నట్లు మొదలగును. పలుమాఱు దెబ్బతిన్నవాడు, తిరిగి దెబ్బ తగులునని యెఱిగియు, దానికే దగ్గఱకు జరుగుచుండును. ఎవ్వరిని నిందింపడు. చాలసేపటికి డ్రమ్ములు బరువెక్కి, గిటార్లన్నియు నొక్కపెట్టున లేచును. అంతట వినువారికి ఏడుపు వచ్చునని మేము చెప్పము. ఊపిరి యొకటి లోన నిలిచిపోవునని మాత్రము చెప్పగలము. దీనిని మొదటిసారి వినిన రాత్రి మేము మరల మరల నాలుగుసార్లు వింటిమి. మఱునాడు పరీక్ష యుండెను. పరీక్ష గూర్చి చెప్పదగిన విశేషమేమియు లేదు.

లోపములు లేకపోలేదు. గిటార్లను పొరమీద పొరగా పేర్చుటచే బావర్‌మైస్టర్ బాసు అడుగున బడి నలిగినది. మునుపటి సంపుటములలో నది యొక మనుష్యుడు మాటాడినట్లు వినబడెడిది. నడుమ వచ్చు ‘మిలియన్’, ‘లర్కర్’ అను రెండు పాటలు మాకు బరువుగా తోచినవి. అయినను, కడపట ‘బేసిలికా’లోని గుసగుసలును దాని వెనుక వచ్చు ఒంటరి పాటయు వినినపిదప, ఇది అమ్ముడుపోయినవాని పని యనుటకు నోరాడదు. అమ్ముడుపోయినవాడు కొన్నవానికి కావలసినదానిని చేయును. రేడియోవారికి కావలసినవి ఇందులో రెండో మూడో. తక్కినవన్నియు ఎవ్వరును కోరని, తాను చెప్పక తీఱని పాటలు.

వినువారేమి చేసిరి? క్రొత్త పాట మొదలుపెట్టగానే ముందువరుసలోని కొందఱు వేదికకు వీపు త్రిప్పి నేలపై చతికిలబడిరి. ఈలలు వేసినను, గ్రుడ్లు విసరినను పాటకాండ్రు ఓర్చుకొనగలరు. అందులో నొక విధమైన సంభాషణ యున్నది. వీపు చూపుటలో సంభాషణ లేదు. మన పల్లెలలో వెలి యనునది యెట్లుండునో పెద్దలవలన వినియున్నవారికి దీనిని విప్పిచెప్ప నక్కఱలేదు. నిప్పు ఈయరు, నీళ్లు పోయరు. ఎదుట కనబడిన ముఖము త్రిప్పుకొందురు. కొట్టరు, తిట్టరు. కులములేదని, పెద్దరికము లేదని, ఎవ్వరికిని దండము పెట్టమని చెప్పుకొన్న పడుచువాండ్రు, తమకు తెలియకయే ప్రపంచములోని మిక్కిలి పాతశిక్షను కనిపెట్టుకొనిరి.

ఆ శిక్షకు వెనుక ఒక సత్యము కూడ నున్నదని చెప్పనిచో మేము పక్షపాతులమగుదుము. పెద్ద కంపెనీలు పాటకాండ్రను పీల్చివేయు మాట నిజము. దానిని లెక్కలతో చూపినవాడు స్టీవ్ ఆల్బీనీ. 1994 నాటి జాబ్రేకర్ సంపుటమును ముద్రించినవాడు ఇతడే. 1993లో ‘ది బాఫ్లర్’ అను పత్రికలో నితడొక వ్యాసము వ్రాసెను. అందు ఊహించిన యొక బృందమునకు కంపెనీ 2,50,000 డాలర్లు బయానా ఇచ్చినట్లు, వారి సంపుటము 2,50,000 ప్రతులు చెల్లినట్లు పెట్టుకొని, జమాఖర్చులు వరుసగా వేసినాడు. నిర్వాహకునికి 37,500, రికార్డింగునకు 1,50,000, న్యాయవాదికి, బస్సునకు, వీడియోకు, విందులకు. అంతయు ముగియునప్పటికి కంపెనీకి 7,10,000 డాలర్లు లాభము. బృందములో నొక్కొక్కనికి మిగిలినది 4,031 డాలర్ల 25 సెంట్లు. ఆ కాలమంతయు ఏ చిల్లర యంగడిలోనో నిలువబడి కూలిచేసినను దీనికి మూడింతలు వచ్చెడిదని ఆతని తేల్పు.

ఇదెట్లు జరుగునో చదువరులకు విప్పిచెప్పుట మంచిది. బయానా యనునది బహుమానము కాదు. ముందుగా ఇచ్చిన రాయల్టీ. ప్రతి ప్రతిమీద బృందమునకు రావలసిన వాటానుండి కంపెనీ మొదట ఆ బయానాను తిరిగి పట్టుకొనును. స్టూడియో ఖర్చును అందులోనే పట్టుకొనును. వీడియో ఖర్చులో భాగమును, యాత్రకు ఇచ్చిన సాయమును అందులోనే పట్టుకొనును. కంపెనీ తన లాభమును మాత్రము మొదటి ప్రతినుండియే తీసికొనును. కావున కంపెనీ లాభములో మునిగియున్నప్పుడే బృందము కాగితముమీద ఋణగ్రస్తమై యుండవచ్చును. మన రైతు పంట చేతికి రాకముందే షావుకారుకడ సొమ్ము తెచ్చికొని, కళ్లములోనే గింజలు కొలిచియిచ్చి, వట్టిచేతులతో నింటికి పోవుటకును దీనికిని పేరులే భేదము. ఒక్క విశేషము కలదు: ఆల్బీనీ ఆ యేడే నిర్వాణవారి ‘ఇన్ యూటెరో’ను ఆ డి.జి.సి. కొఱకే ముద్రించెను, కాని అమ్మకములపై వాటా వలదని, చేసినపనికి లక్ష డాలర్లు కూలి మాత్రమే పుచ్చుకొనెను. పాట పాడినవానిది, నేను పనివాడనని అతని మతము. 2024వ సంవత్సరము మే నెలలో నితడు మరణించెను. అట్టివానిని గూర్చి పత్రికలలో ఇంకను వ్రాయవలసియున్నది.

ఈ లెక్కలు సరియైనవే. కాని ఆల్బీనీ లెక్కలో కంపెనీ దోషి, పాటకాండ్రు మోసపోయినవారు. వీపు చూపినవారి లెక్కలో పాటకాండ్రే దోషులు. షావుకారు చేసిన పనికి రైతును వెలివేయుట యెచ్చటి న్యాయము? షావుకారుకు వీపు చూపిన నష్టమేమియు లేదు. వాడు కచేరీకే రాడు. అందుచేత దొరికినవానిపై తీర్పు చెప్పినారు. సంస్కర్తలమని చెప్పుకొనువారికి ఈ తెగులు ఎల్లకాలములందును ఎల్లదేశములందును తగులుచుండును. బలవంతుడు దూరమున నుండును, తోటివాడు దగ్గఱనుండును. కోపము దగ్గఱవానిపై బడును.

‘డియర్ యూ’ సుమారు 40,000 ప్రతులు చెల్లినదని చెప్పుదురు. మన తెలుగునాట కవితాసంపుటము వేయిప్రతులు చెల్లినచో సన్మానసభ చేయుదుము. అక్కడ నలువదివేలు చెల్లుట పరాజయము. పదిలక్షల డాలర్ల ఒప్పందము వ్రాసినవారికి అది తుడుపుగుడ్డ వెల కాదు. రేడియోవారు ఎత్తుకొనలేదు, పాతవారు విడిచిపెట్టిరి, క్రొత్తవారు రాలేదు. 1996లో యాత్రలో నుండగా, బృందములోని యిద్దఱు, ష్వార్జెన్‌బాక్ బావర్‌మైస్టర్‌లు, చేయి చేసికొనునంతవఱకు వచ్చినది. ఆ యేడే బృందము విడిపోయినది. ష్వార్జెన్‌బాక్ న్యూయార్కు చేరి ‘జెట్స్ టు బ్రెజిల్’ అను వేఱొక బృందమును కూర్చుకొని, పిదప ఆంగ్లసాహిత్యము బోధించెను. ఫాలర్ సాన్ ఫ్రాన్సిస్కోలో సినిమా టేపులను అద్దెకిచ్చు దుకాణము పెట్టుకొనెను.

ఇంతటితో ముగిసినచో నిది అనేక బృందముల కథయే. ఇచ్చట మేము విశేషముగా చెప్పదలచినది తరువాతి సంగతి. గెఫెన్ కంపెనీ పెద్దకంపెనీల చేతులు మాఱినది. సీగ్రమ్ అను మద్యవర్తకుల సంస్థ 1995లో దాని మాతృసంస్థను, 1998లో పాలీగ్రామును కొనినది; 1999లో గెఫెన్‌ను ఇంటర్‌స్కోప్ అను వేఱొక శాఖలో కలిపివేసిరి. ఇట్టి కలయికలలో నలువదివేలు చెల్లిన సంపుటమును ఎవ్వరు పట్టించుకొందురు? ముద్రణ నిలిచిపోయినది. మూలముద్రణము కంపెనీ సొత్తు. పాడినవారు తమ పాటను తాము అచ్చొత్తించుకొనుటకు వీలులేదు. బయానా పోయినను ఫరవాలేదు. అది వ్యయమై పోవునట్టిదే. మూలముద్రణమును వ్రాసియిచ్చుటయే అసలు దాస్యము. గిల్మను వాదములలో మాట తప్పుట, పరిశుద్ధి, ద్రోహము అను పదములు వేలసారులు దొర్లినవి గాని, పదేండ్ల తరువాత ఈ పాటను అచ్చొత్తు హక్కు ఎవ్వరిదన్న ప్రశ్న యెవ్వరును వేసినట్లు మాకు కనబడదు. ఆ యొక్క ప్రశ్నను వేసియుండినచో ఆ యుద్యమము పాటకాండ్రకు నిజమైన మేలు చేసియుండెడిది.

ముద్రణ నిలిచియున్న ఆ కాలముననే మేము ఈ సంపుటమును ఎఱిగితిమి. 2002లో బర్కిలీలో టెలిగ్రాఫు వీథిలోని దుకాణములో, వాడిన సి.డి.ల పెట్టెలో, అంచు పగిలిన డబ్బాతో నిది దొరకినది. ఇంటికి దెచ్చి పెట్టగానే, మాతో నొకేయింట నద్దెకుండిన యమెరికా మిత్రుడు గదిలోనుండి వచ్చి, ఈ యింటిలో ఏ పాటయైనను పెట్టుకొనుము గాని దీనిని వలదనెను. అతడు నెమ్మదైనవాడు; మా పప్పుపులుసు వాసనకుగాని మేము వినెడి త్యాగరాజకీర్తనలకుగాని యెన్నడును ముఖము చిట్లించినవాడు కాడు. అడుగగా, 1995లో తాను వీపు త్రిప్పి కూర్చున్నవారిలో నొకడనని చెప్పెను. ‘వినితివా’ యని యడిగితిమి. వినలేదట. ఏడేండ్లు వినకుండ ద్వేషించినాడు!

మేము వాదించితిమి. అతడును వాదించెను, ఆతని వాదము తేలికయైనది కాదు. పదునాఱేండ్ల ప్రాయమున ఇంట దెబ్బలు తినుచు తిరుగుచున్న తనకు ఆ శాలయొకటియే రక్షగా నుండెనని, కంపెనీలు వచ్చినచో తనవంటివారికి ఆ తలుపు మూసికొనిపోవునని భయమయ్యెనని, ఆ గాయకుని మాటను తాను ప్రమాణముగా నమ్మితినని చెప్పెను. మేము ఊరకుంటిమి. వెలివేయువారు కూడ పెక్కుమాఱులు భయపడినవారేయని అప్పుడు మాకు తోచినది. అది శిక్షను న్యాయము చేయదు. అర్థము మాత్రము చేయును. పిదప మాకొక యేర్పాటు కుదిరినది. అతడు రాత్రిపనికి పోయినపిమ్మట మేము ఆ సంపుటమును పెట్టుకొనువారము. గోడలు పలుచనివి. అతడు పోకమునుపే ఒక్కొక్కనాడు ‘యాక్సిడెంట్ ప్రోన్’ వచ్చుచుండెడిది. మెట్లమీద అడుగులచప్పుడు ఆగుచుండెడిది. మేమడుగలేదు, అతడు చెప్పలేదు.

కాలము గడచినకొలది సంగతులు తిరుగబడినవి. అన్నలు వలదన్నదానిని తమ్ముళ్లు వెదకికొనిరి. ఏలములలో పాత సి.డి.లకు వెల పెరిగినది. 2003లో వేఱు బృందములు కొన్ని చేరి జాబ్రేకర్ పాటలను తాము పాడి యొక సంపుటముగా వెలువరించినవి. దానికి ‘బాడ్ సీన్, ఎవ్రీవన్స్ ఫాల్ట్’ అని ‘డియర్ యూ’లోని పాటపేరే పెట్టిరి. 2004లో ఫాలర్ కంపెనీకడ అనుమతి సంపాదించి, తన ‘బ్లాక్‌బాల్’ అను చిన్న సంస్థ ద్వారమున ఆ సంపుటమును మరల వెలువరించెను. తాను డ్రమ్ములు వాయించిన పాటలకు తానే పోయి అనుమతి యడుగవలసివచ్చుటను చదువరులు గమనింతురుగాక. తన యింటిలో తానే అద్దెకు దిగినట్లున్నది. అయినను దానిని చేసినాడు. ఆ నిదానమునకు మేము నమస్కరించుచున్నాము.

2017వ సంవత్సరము సెప్టెంబరులో చికాగో నగరమున రయట్ ఫెస్ట్ అను నుత్సవములో మువ్వురును మరల కలిసి పాడిరి. ఇరువదియొక్క యేండ్ల యెడము. వెనుకటి తగవును, విడిపోవుటను జూపు చలనచిత్రమొకటి ఆ యేడే వచ్చినది. నాడు వీపులకు పాడిన పాటలనే ఈమాఱు ముఖములకు పాడిరి. మా మిత్రుడు రెండువేల మైళ్లు ప్రయాణము చేసి దానికి పోయెను. అక్కడనుండి మాకు ఫోను చేసినాడు గాని మాటాడలేదు. జనము గొంతు కలిపి పాడుచున్న ధ్వనిని వినిపించి పెట్టివేసెను. ఏ పాటయో చప్పుడులో మాకు స్పష్టపడలేదు.

ఇప్పుడు ఆతనియొద్ద 2004 నాటి ప్రతియు, 1995 నాటి మొదటి ప్రతియు రెండును కలవు. మొదటి ప్రతికి మేమిచ్చిన ఆఱు డాలర్లకు పదిరెట్లు పెట్టినాడు. మాట తప్పిన సంగతిని మాత్రము అతడు నేటికిని ఒప్పుకొనడు. గొంతు కూడ ‘బివ్వాక్’ నాటిదే మేలనును. మేము కాదందుము. కిందటి నెల ఫోనులో నీ విషయమై గంటసేపు పెనగులాడితిమి.